కాశీ యాత్ర: ఏజెంటుతోనా, సొంతంగానా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 65. నాన్నకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కడం కష్టం, నెమ్మదిగా అయితే నడుస్తారు. కాశీ, ప్రయాగ, గయ చూడాలని, గయలో తాతగారికి పిండం పెట్టాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. వాళ్లకు తోడుగా నేను వెళ్తున్నాను. మా ఊళ్లో ఏటా యాత్రలకు తీసుకెళ్లే ఒకాయన తొమ్మిది రోజులకు మనిషికి 26 వేలు చెబుతున్నారు. అందులో అయోధ్య కూడా ఉంది. రైలు, బస, భోజనం అన్నీ ఆయనే చూసుకుంటారట. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడేమో "అవన్నీ ఫోన్‌లో మనమే బుక్ చేసుకోవచ్చు, సగం డబ్బుకే అయిపోతుంది" అని పట్టుబడుతున్నాడు. నాన్నకు ఆ ఏజెంటు మీదే నమ్మకం. నాకు హిందీ అంతంత మాత్రం. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

సమాధానం:

అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రైలు టికెట్లు, బస మీరే బుక్ చేసుకోండి. కాశీ నుంచి ప్రయాగకు, గయకు వెళ్లే కారు, గయలో కర్మ చేయించే పురోహితుడు, ఈ రెండూ అక్కడివాళ్లకే అప్పగించండి. అయోధ్యను ఈసారికి పక్కన పెట్టండి.

మీ ఇంట్లో వాదన డబ్బు మీద, నమ్మకం మీద నడుస్తోంది. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది "నెమ్మదిగా అయితే నడుస్తారు" అన్న ముక్క. ఈ యాత్ర ఎలా చేయాలో దాన్నిబట్టే నిర్ణయించాలి.

ఏజెంటుగారి తొమ్మిది రోజులనే తీసుకోండి. విజయవాడ నుంచి కాశీకి రైల్లో దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది. రానూపోనూ కలిపితే మూడు రోజులు రైల్లోనే గడిచిపోతాయి. మిగిలిన ఆరు రోజుల్లో కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య పూర్తి కావాలి. కాశీ నుంచి ప్రయాగ 120 కిలోమీటర్ల పైనే. గయ 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అయోధ్య 200 పైన. ఇవన్నీ ఆరు రోజుల్లో తిప్పాలంటే తెల్లవారుజామున నాలుగింటికే అందరినీ లేపాలి, దర్శనానికి ఇంత టైమని చెప్పాలి, వెనకబడినవాళ్లను తొందరపెట్టాలి. ఆయన మంచివాడే అయినా ఇందులో మార్పుండదు. నలభై మందిని తీసుకెళ్లే మనిషి ఒక్కరి మోకాళ్ల కోసం బస్సు ఆపలేడు.

కాశీలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విశ్వనాథుడి గుడి చుట్టుపక్కలకు పెద్ద బస్సులు రావు. దూరంగా ఆపేస్తారు. అక్కడి నుంచి ఈ-రిక్షాలో గోదౌలియా కూడలి దగ్గరికి చేరుకుని, జనంలో నడిచి వెళ్లాలి. ఘాట్ల మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. బృందంతో వచ్చిన పెద్దవాళ్లు చాలామంది మొదటి రోజే అలిసిపోతారు. రెండో రోజు నుంచి "మీరు వెళ్లి రండి, మేం గదిలో ఉంటాం" అంటారు. ఇన్నాళ్లుగా కాశీ కోసం ఎదురుచూసిన మనిషి అక్కడికి వెళ్లి గదిలో కూర్చోవడం నాకైతే చాలా బాధగా ఉంటుంది.

ఇక తమ్ముడి లెక్క. సగం డబ్బుకే అయిపోతుందన్నది నిజం కాదు. ఏజెంటు బస్సు ఖర్చు నలభై మంది మీద పడుతుంది. మీ కారు ఖర్చు ముగ్గురే భరించాలి. గదులూ అంతే. రైలు, బస, కారు, పడవలు, గయలో కర్మ ఖర్చు, భోజనాలు అన్నీ కలిపితే ఏజెంటు చెప్పిన మొత్తానికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. మిగిలేదేమైనా ఉంటే కొంచెమే. అదే డబ్బుతో మీ నాన్నగారి వేగంలో యాత్ర జరుగుతుంది. సొంతంగా వెళ్లడానికి ఈ ఒక్క కారణం చాలు. తమ్ముడికి కూడా ఇదే చెప్పండి. లేకపోతే డబ్బు మిగల్చాలనే పట్టుదలతో మూడో అంతస్తులో లిఫ్టు లేని గది బుక్ చేస్తాడు.

రైలు సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఏజెంటు లేకపోతే టికెట్లు దొరకవన్న భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు నిబంధనలు చాలావరకు మీవైపే ఉన్నాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు ఉండేది. పాత లెక్కతో ఎవరైనా తొందరపెడితే కంగారు పడకండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఇప్పుడే పూర్తి చేసుకోండి. 2025 అక్టోబరు నుంచి బుకింగ్ తెరిచిన తొలి సమయంలో ఆధార్ ధ్రువీకరించిన ఖాతాలకే టికెట్లు ఇస్తున్నారు. తత్కాల్‌లోనైతే ఏజెంట్లకు మొదటి అరగంట అసలు అవకాశమే లేదు. ఏసీకి పది నుంచి పదిన్నర వరకు, నాన్ ఏసీకి పదకొండు నుంచి పదకొండున్నర వరకు వాళ్లు బుక్ చేయకూడదు. కాబట్టి "తత్కాల్ నాకొదిలేయండి, కన్ఫర్మ్ గ్యారంటీ" అని ఎవరన్నా ఆ మాట నమ్మకండి. వేరేవాళ్ల వ్యక్తిగత ఐడీల మీద టికెట్లు తీసి అమ్ముకోవడం రైల్వే చట్టం ప్రకారం నేరం. అలాంటి టికెట్ పట్టుబడితే రద్దవుతుంది, ప్రయాణం ఆగిపోయేది మీది.

లోయర్ బెర్తుల విషయంలో ఒక మెలిక ఉంది, దీన్ని మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది. ఆ కోటాలో ఒక టికెట్ మీద ఇద్దరికి మించి పనికిరాదు, ఆ ఇద్దరూ వయసు ప్రకారం అర్హులై ఉండాలి. మీ ముగ్గురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. అమ్మానాన్నలకు విడిగా సీనియర్ సిటిజన్ కోటాలో ఒక టికెట్, మీకు ఇంకో టికెట్ తీసుకోండి. మీకు వేరే బోగీలో బెర్త్ వచ్చినా టీటీఈని అడిగి సర్దుకోవచ్చు. మీ నాన్నగారికి అప్పర్ బెర్త్ వస్తే మాత్రం ఒకటిన్నర రోజు నరకమే. పదుల సంఖ్యలో టికెట్లు ఒక్కసారిగా తీసే ఏజెంట్లు ఇంత జాగ్రత్త పడటం అరుదు. సీనియర్ సిటిజన్లకు ఛార్జీలో ఇచ్చే రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఏ రైలు అంటారా? విజయవాడ మీదుగా వెళ్లే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ నేరుగా వారణాసి చేరుతుంది, అయితే అది వారంలో కొన్ని రోజులే. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ కూడా విజయవాడ మీదుగానే వెళ్తుంది కానీ వారణాసిలోకి రాదు. పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. మన పెద్దవాళ్లు ఇప్పటికీ మొగల్‌సరాయ్ అంటారే, అదే. అక్కడి నుంచి గంగ దాటి కాశీకి కారులో దాదాపు గంట. నాన్నగారి మోకాళ్ల దృష్ట్యా గంగా కావేరికి ప్రయత్నించండి, దొరక్కపోతే సంఘమిత్ర. మొగల్‌సరాయ్‌లో దిగేలా ఉంటే బస చేసేచోట అడిగి కారు ముందే చెప్పించుకోండి. ఆ స్టేషన్ చాలా పెద్దది. రైలు దిగగానే వీల్‌చైర్ గురించి అడగడానికి మొహమాటపడకండి. టికెట్ తీసేటప్పుడు కనిపించే 45 పైసల ప్రయాణ బీమాకు టిక్ పెట్టి, నామినీ వివరాలు కూడా నింపండి.

విమానమైతే హైదరాబాద్ నుంచి వారణాసికి ఉంది. డబ్బు ఇబ్బంది లేకపోతే కనీసం తిరుగు ప్రయాణానికైనా ఆలోచించండి. టికెట్ ఎయిర్‌లైన్స్ సొంత సైటులోనే తీసుకోండి, అక్కడే వీల్‌చైర్ కూడా కోరవచ్చు. మధ్యలో మరో సంస్థ ఉంటే తేదీ మార్చాలన్నా, డబ్బు వెనక్కి రావాలన్నా ఇద్దరి చుట్టూ తిరగాలి.

బస గురించి. హిందీ రాదన్న మీ భయం కాశీలో రెండో రోజుకే పోతుంది. కేదార్ ఘాట్, సోనార్‌పురా, పాండే హవేలీ ప్రాంతమంతా మన వాళ్ల సందడే. పడవవాళ్లకు, కొట్టువాళ్లకు, రిక్షావాళ్లకు పనికి సరిపడా తెలుగు వస్తుంది. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం, ఆర్యవైశ్య సత్రం లాంటివి ఉన్నాయి. మన భోజనం దొరుకుతుంది. కొన్ని సత్రాలు వాళ్ల సంఘం నియమాల ప్రకారమే గదులిస్తాయి, కాబట్టి ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఏ గది తీసుకున్నా అడగాల్సినవి నాలుగు: గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇస్తారా, లేకపోతే లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, ఆటో గుమ్మం దాకా వస్తుందా. పాత కాశీ సందుల్లో ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. సత్రంలో ఇవి కుదరకపోతే, ఆ దగ్గర్లోనే రోడ్డు మీద ఉన్న చిన్న హోటల్ తీసుకుని భోజనానికి మాత్రం సత్రానికి వెళ్లండి.

సొంతంగా బుక్ చేసుకునేటప్పుడు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. యాత్రికుల బస పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయని, జాగ్రత్తగా ఉండాలని కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల విభాగం 2025లో హెచ్చరించింది. గూగుల్‌లో మొదట కనిపించిన నంబర్ సత్రానిదే అనుకోకండి. ఇదివరకు వెళ్లొచ్చిన వాళ్ల దగ్గర రసీదు ఉంటే దాని మీద ఉన్న నంబర్ తీసుకోండి. మొత్తం డబ్బు ముందే పంపమన్నా, ఎవరో వ్యక్తి పేరున్న యూపీఐకి పంపమన్నా ఆగిపోండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ దాన్ని ఆపే అవకాశం తగ్గిపోతుంది. ఈ పని తమ్ముడికి ఇవ్వండి. ఫోన్ మీద అంత నమ్మకం ఉన్నవాడు, ఈ నంబర్లన్నీ సరిచూసే బాధ్యత కూడా తీసుకోవాలి.

విశ్వనాథుడి దర్శనానికి క్యూలో ఎక్కువసేపు నిలబడలేని వాళ్లకు సుగమ దర్శనం టికెట్ ఉంది. ఆలయ ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. బయట "వీఐపీ దర్శనం చేయిస్తాం" అని వెంటపడేవాళ్లకు డబ్బులివ్వకండి. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, బసలోనే పెట్టేసి వెళ్తే హాయి. 2021 డిసెంబరులో కొత్త ప్రాంగణం తెరిచాక గుడి లోపల జాగా పెరిగింది. కానీ అక్కడి దాకా నడక మాత్రం తప్పదు. విశ్వనాథుడు ఒక రోజు, అన్నపూర్ణ, విశాలాక్షి ఇంకో రోజు పెట్టుకోండి. హారతి పడవలో కూర్చునే చూడండి. పడవ ఎక్కే ఘాట్‌లో ఎన్ని మెట్లు దిగాలో ముందుగా మీరొక్కరే వెళ్లి చూసి రండి.

గయ దగ్గర మాత్రం నేను తమ్ముడి పక్షాన లేను. అది ఫోన్‌లో బుక్ చేసే పని కాదు. మీ నాన్నగారికి ఈ యాత్రంతా ఒక ఎత్తు, గయ ఒక ఎత్తు. ప్యాకేజీల్లో చాలావరకు కాశీ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, గయలో కర్మ ముగించి, అదే రాత్రికి వెనక్కి తెస్తారు. రానూపోనూ 500 కిలోమీటర్లు, మధ్యలో ఫల్గు నది ఒడ్డున, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర పిండాలు. 71 ఏళ్ల మనిషికి, అందులోనూ ఉపవాసంతో, ఇది మంచిది కాదు. ముందు రోజే బయలుదేరి రాత్రి అక్కడే పడుకోండి. గయలో మంచి గది దొరక్కపోతే బోధ్‌గయ దగ్గర్లోనే ఉంది, అక్కడ హోటళ్లు ఎక్కువ.

పురోహితుడి విషయంలో ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ఇంటి పురోహితుడిని అడిగితే గయలో తెలుగువాళ్లకు చేయించేవాళ్ల వివరాలు చెబుతారు, కాశీ సత్రాల్లో కూడా చెబుతారు. ఆయనతో ముందే ఫోన్‌లో మాట్లాడి, సామగ్రితో సహా ఎంత, ఎన్నిచోట్ల పిండాలు, కింద కూర్చోలేని మనిషికి స్టూలు వేస్తారా, ఈ మూడూ తేల్చుకోండి. అక్కడికి వెళ్లాక, పిండం చేతిలో ఉండగా, దానం ఎంతో మాట్లాడుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ఆ సమయంలో ఏ కొడుకూ బేరమాడలేడు. అది తెలిసే కొందరు అప్పుడే అడుగుతారు.

కారు విషయానికి వస్తే, సత్రం వాళ్లు కానీ హోటల్ వాళ్లు కానీ చెప్పిన డ్రైవర్‌నే ప్రయాగకూ గయకూ మాట్లాడుకోండి. టోల్, పార్కింగ్, రాత్రి బత్తా కలిపి ఎంతో వాట్సాప్‌లో రాయించుకోండి. ప్రయాగ ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. సంగమానికి పడవ రేటు ఎక్కేముందే మాట్లాడుకోండి, వేణీదానం (సంగమంలో జుట్టు సమర్పించడం) ఉంటే దానికీ అంతే.

ఇంత చెప్పినా నాన్నగారు ఏజెంటే కావాలంటే కొట్టిపారేయకండి. ఆయన నమ్మకానికి కారణం ఉంది. దారిలో ఒంట్లో బాగా లేకపోతే, రైలు పన్నెండు గంటలు లేటైతే, అడగడానికి తెలుగు మాట్లాడే ఒక మనిషి ఉంటాడన్న ధైర్యం అది. మీరు వెళ్లకుండా వాళ్లిద్దరినే పంపాల్సి వచ్చుంటే నేనూ బృందంతోనే పంపమనేదాన్ని. అప్పుడు కూడా ఐఆర్‌సీటీసీ వాళ్లు మన స్టేషన్ల నుంచి నడిపే భారత్ గౌరవ్ యాత్రా రైళ్లను ముందు చూడమనేదాన్ని. రైలు, బస, భోజనం, స్థానిక బస్సులు అన్నీ అందులోనే ఉంటాయి, ఏవి ఉండవో కూడా ముందే రాసిస్తారు.

మీ ఊరి ఏజెంటుతో వెళ్లేటట్లయితే మాత్రం నోటిమాట మీద అడ్వాన్స్ ఇవ్వకండి. రైలు నంబరు, క్లాసు, ప్రతి ఊళ్లో హోటల్ పేరు కాగితం మీద రాయించుకోండి. రైలు టికెట్‌లో మీ ఫోన్ నంబరే ఉండాలని గట్టిగా చెప్పండి. ఐఆర్‌సీటీసీ ఏజెంటు తీసిన టికెట్ రద్దయితే రిఫండ్ ఓటీపీ టికెట్‌లో ఉన్న నంబరుకే వస్తుంది. అక్కడ ఏజెంటు నంబరే ఉంటే ఎంత వెనక్కి వచ్చిందో మీకు తెలియదు. పీఎన్ఆర్ తీసుకుని మీరే చూసుకోండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నా "అదే అవుతుందమ్మా" అంటే ఒప్పుకోవద్దు. చార్ట్ తయారయ్యాక కూడా మొత్తం వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది. ప్రయాణం మానుకుంటే ఎంత తిరిగిస్తారో, మధ్యలో ఒకరు జబ్బుపడితే ఎవరు ఆగుతారో ఆయన్నే అడగండి. ఈ చివరి ప్రశ్నకు ఆయన ఎంత స్పష్టంగా జవాబిస్తే ఆయన్ను అంత నమ్మవచ్చు. జీఎస్టీతో బిల్లు ఇవ్వనివాళ్ల దగ్గర 78 వేలు పెట్టడం నాకు ఇష్టం లేదు. బిల్లు ఉంటే తేడా వచ్చినప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం తేలికవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండేచోటే ఫిర్యాదు చేయవచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్నది మీరు రాయలేదు. డిసెంబరు, జనవరి వద్దు. ఆ వైపు పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, మాఘమాసంలో ప్రయాగ జనంతో నిండిపోతుంది. భాద్రపద బహుళ పక్షంలో పిండప్రదానం విశేషమే అయినా గయలో అడుగు వేయడానికి చోటుండదు. కార్తీక పౌర్ణమికి కాశీ కూడా అంతే. ఫిబ్రవరి చివర నుంచి మార్చి మధ్య వరకు మీ నాన్నగారికి అనుకూలంగా ఉంటుంది. ఆ రోజుల్లో హోళీ తేదీ చూసుకుని దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ వదిలేయండి. కాశీలో నాలుగు రాత్రులు, గయలో ఒకటి, చివర్లో ఏ పనీ పెట్టుకోని ఒక రోజు. అలిసిపోతే ఆ రోజు విశ్రాంతికి పనికొస్తుంది, ఏదైనా ఆలస్యమైతే దానికి పనికొస్తుంది.

ఇంకొక్క పని, ఇది ఈ వారంలోనే చేయండి. నాన్నగారి పక్కన కూర్చుని గోత్రం, ఆయన వైపు మూడు తరాల పేర్లు, అమ్మమ్మ తాతయ్యల వైపు పేర్లు, ఇంకా ఎవరెవరికి పిండం పెట్టాలనుకుంటున్నారో వాళ్ల పేర్లు కాగితం మీద రాయించండి. ఫోటో తీసి తమ్ముడికీ పంపండి. గయలో పురోహితుడు అడిగేది ఆ పేర్లే, అక్కడ నిలబడి ఫోన్లు చేస్తే దొరకవు.